బరువైన కారుకు ఎంత వెడల్పు టైరు? ముందు రిమ్ము కొలవండి

ప్రశ్న: మాది హనుమకొండ. నిరుడు హైదరాబాదులో 2017 నాటి ఫోర్డ్ మస్టాంగ్ జీటీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ ఇచ్చిన 19 అంగుళాల రిమ్ముల మీద ముందు 255/40, వెనుక 275/40 టైర్లు ఉన్నాయి. వచ్చే చలికాలంలో ఆటోక్రాస్ పోటీల్లో పాల్గొనాలని నా కోరిక. ప్రాక్టీసులో నడిపి చూస్తే మలుపుల్లో ముందు చక్రాలు జారి, కారు తిరగకుండా తిన్నగా పోతోంది. డాలస్‌లో ఉన్న మా బావ తన డాడ్జ్ ఛాలెంజర్ వైడ్‌బాడీకి నాలుగు వైపులా 305 టైర్లు ఉన్నాయని, నన్నూ అవే వేయించమని అంటున్నాడు. ఇక్కడి టైర్ల షాపు వాళ్లేమో ఉన్న రిమ్ముల మీదే వెనుక రెండింటికి 305 వేస్తే చాలంటున్నారు. ఎవరి మాట వినాలి? ఇదే కారులో ఇంట్లో వాళ్లమంతా తిరగాలి కూడా.

సమాధానం: ఆ రెండు సలహాల్లో ఏదీ మీ కారుకు ఉన్నది ఉన్నట్టుగా పనికిరాదు. మీ బావగారు చెప్పింది ఆయన కారుకు సరైనదే, కానీ మీ కారుకు కాదు. షాపు వాళ్లు చెప్పింది మాత్రం ఏ కారుకూ సరైనది కాదు, మీరు చెప్పిన ఇబ్బందిని అది ఇంకా పెంచుతుంది. నన్నడిగితే, ఇప్పుడున్న రిమ్ముల మీద టైరు వెడల్పును ఒక్క మిల్లీమీటరు కూడా పెంచవద్దు. ఈ సీజనుకు అవే సైజుల్లో మంచి రబ్బరున్న టైర్లు వేయించి, ముందు చక్రాల క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం నిలువు నుంచి లోపలికో బయటికో వాలే కోణం) సరిచేయించండి. ఆ తర్వాత కూడా పోటీల మీద మనసుంటే, 10 అంగుళాల వెడల్పున్న రిమ్ములు నాలుగు విడిగా తీసుకుని నాలుగింటికీ 285/35 ఆర్19 వేయించండి (285 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో, 35 అంటే ఆ వెడల్పులో టైరు పక్కగోడ, అంటే సైడ్‌వాల్, ఎత్తు శాతం, 19 అంటే అంగుళాల్లో రిమ్ము). 305 దాకా వెళ్లాల్సిన అవసరం మీకు లేదు.

ఇదంతా తారు లేదా కాంక్రీటు నేల మీద కోన్లు పెట్టి, ఒక్కో కారును విడివిడిగా వదిలి గడియారంతో లెక్కకట్టే పోటీ గురించి చెబుతున్నాను. మన దేశంలో ఆటోక్రాస్ పేరుతో మట్టి ట్రాక్ మీద జరిగే పోటీలూ ఉన్నాయి కాబట్టి, రుసుము కట్టేముందు నేల ఏమిటో అడిగి తెలుసుకోండి. వదులు మట్టిలో వెడల్పు టైరు పైపైన తేలుతుంది, సన్నని టైరు మట్టిని కోసుకుని కింది గట్టి నేలను అందుకుంటుంది. వరి మడిలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు టైరు బదులు ఇనుప కేజ్ వీల్ ఎందుకు బిగిస్తారో మన వైపు రైతులకు వేరే చెప్పనక్కర లేదు. మట్టి పోటీ అయితే మస్టాంగ్‌ను ఇంటి దగ్గరే ఉంచి, ఇంకో తేలికైన కారు చూసుకోవడం మంచిది.

మీ బావగారి కారు సంగతి ముందు చూద్దాం. ఛాలెంజర్ వైడ్‌బాడీకి 305/35 ఆర్20 టైర్లను, 11 అంగుళాల వెడల్పున్న రిమ్ములను కంపెనీయే ఇచ్చింది. ఆ వెడల్పును కప్పడానికి మామూలు ఛాలెంజర్ కంటే కారు ఒంటిని మొత్తం మీద మూడున్నర అంగుళాలు పెంచింది. పైగా ఆ కారు 1,900 కిలోల పైమాటే. అమెరికాలో ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) నిర్వహించే ఆటోక్రాస్ పోటీల్లో ఇలాంటి బరువైన కార్ల కోసం క్లాసిక్ అమెరికన్ మజిల్ అనే వర్గమే ప్రత్యేకంగా ఉంది. అక్కడ టైరు ట్రెడ్‌వేర్ అంకె (రబ్బరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పేది) 200కు తగ్గకూడదన్న నియమం ఉంది గానీ వెడల్పుకు హద్దు లేదు. అందుకే అక్కడి వాళ్లు మడ్‌గార్డు కింద పట్టినంత రబ్బరు పట్టిస్తారు. మీ చేతిలో ఉన్నది మామూలు ఒంటి మస్టాంగ్. దాని ముందు రిమ్ము 9 అంగుళాలు, వెనుక రిమ్ము 9.5 అంగుళాలు.

బరువైన కారుకు వెడల్పు టైరు ఎందుకు మేలు చేస్తుందో తెలిస్తే, ఎక్కడిదాకా మేలు చేస్తుందో కూడా తెలుస్తుంది. చాలామంది వెడల్పు పెంచితే నేలను తాకే రబ్బరు వైశాల్యం అంతే లెక్కన పెరుగుతుందనుకుంటారు. అది నిజం కాదు. ఆ వైశాల్యం ప్రధానంగా చక్రం మీద పడే బరువును, లోపలి గాలి ఒత్తిడిని బట్టి ఉంటుంది. వెడల్పు పెంచినప్పుడు ఎక్కువగా మారేది నేలను తాకే ఆ రబ్బరు మచ్చ ఆకారం: నిలువుగా, పొడుగ్గా ఉన్నది అడ్డంగా, పొట్టిగా మారుతుంది. మలుపులో టైరుకు పట్టునిచ్చేది ఈ అడ్డపు ఆకారమే, స్టీరింగ్ తిప్పగానే కారు వెంటనే అందుకునేదీ దీనివల్లనే. దానికి తోడు వేడిని పంచుకోవడానికి ఎక్కువ రబ్బరు ఉంటుంది, గాలిని ఒకటి రెండు పాయింట్లు (పీఎస్‌ఐ) తగ్గించుకునే వీలు కూడా దొరుకుతుంది.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీని చూడండి. ఒక బస్తా ఎత్తితే చకచకా నడిచిపోతాడు. రెండు బస్తాలు ఒక్కడి మీదే మోపితే మోయగలడు గానీ నడక కుంటుపడుతుంది. అవే రెండు బస్తాలను ఇద్దరు పంచుకుంటే పని సాఫీగా సాగుతుంది. టైరు స్వభావం కూడా ఇదే. మీద బరువు రెట్టింపయితే పట్టు పెరుగుతుంది, కానీ రెట్టింపు కాదు. మీ కారు బరువు సుమారు 1,700 కిలోలు. గురుత్వ కేంద్రం నేల నుంచి అర మీటరు ఎత్తున ఉందని, కుడి ఎడమ చక్రాల మధ్య దూరం 1.6 మీటర్లని అనుకుంటే, భూమ్యాకర్షణతో సమానమైన బలంతో మలుపు తిరిగే క్షణాన సుమారు 530 కిలోల బరువు లోపలి చక్రాల మీంచి బయటి చక్రాల మీదకు మారిపోతుంది. నిలబడి ఉన్నప్పుడు చెరో 850 కిలోలు మోసిన రెండు పక్కల్లో ఒకటి 1,380 కిలోలు మోస్తుంటే, రెండోది 320 కిలోలతో తేలిగ్గా తిరుగుతుంటుంది. మోసే పక్క టైరును దాని శక్తికి మించి నలగకుండా కాపాడటానికే బరువైన కారుకు వెడల్పు కావాలి. 900 కిలోల చిన్న కారుకు ఇంత వెడల్పు వేస్తే, నిమిషంలోపు ముగిసే పరుగులో ఆ రబ్బరు వేడెక్కనే వేడెక్కదు. మీ కారుకు ఆ బెంగ లేదు.

ఇప్పుడు రిమ్ము సంగతి. టైరు మీద 275 అని ఉంటే అది సైడ్‌వాల్ ఉబ్బుతో కలిపి చూసే అడ్డుకొలత, నేలను తాకే ట్రెడ్ కొలత కాదు. ట్రెడ్ అంతకంటే తక్కువే ఉంటుంది, అదీ కంపెనీని బట్టి మారుతుంది. సైడ్‌వాల్ నిటారుగా నిలబడాలంటే కింద రిమ్ము తగినంత వెడల్పు ఉండాలి. సన్నని రిమ్ము మీద వెడల్పు టైరు బిగిస్తే రిమ్మును పట్టుకునే దాని పాదాలు రెండూ దగ్గరకు నొక్కుకుపోయి, ట్రెడ్ మధ్యలో ఉబ్బి, అంచులు పైకి లేస్తాయి. మలుపులో ఆ సైడ్‌వాల్ పక్కకు ఒరిగాక గానీ ట్రెడ్ పని మొదలుపెట్టదు. నేను చాలా ఏళ్ల క్రితం నా సెడాన్‌కు 7.5 అంగుళాల రిమ్ముల మీద 255 టైర్లు వేయించాను. నిలబెట్టి చూస్తే నిండుగా ఉండేది. నడిపితే మాత్రం స్టీరింగ్ తిప్పిన తర్వాత కారు ఒక్క క్షణం తటపటాయించి, ఆపైన ఒక్కసారిగా తిరిగేది. కొన్ని వేల కిలోమీటర్లకే ట్రెడ్ నడిమి గాళ్లు చదునైపోయాయి, రెండు అంచుల్లోనూ కొత్త టైరు మీద ఉండే రబ్బరు వెంట్రుకలు ఇంకా అలాగే ఉన్నాయి. డబ్బు పెట్టి కొన్న వెడల్పులో మూడో వంతు నేలను సరిగా తాకనే లేదు.

305/30 ఆర్19 టైరుకు కనీసం 10.5 అంగుళాల రిమ్ము కావాలి. షాపు వాళ్లు దాన్ని మీ 9.5 అంగుళాల వెనుక రిమ్ము మీద వేస్తామంటున్నారు. అది పట్టు మాట అటుంచి, భద్రతకే మంచిది కాదు. 285/35 ఆర్19కి 9.5 నుంచి 11 అంగుళాల దాకా రిమ్ము సరిపోతుంది, 10 అంగుళాల మీద అది చక్కగా కూర్చుంటుంది. మీ ముందు రిమ్ము 9 అంగుళాలే గనుక కొత్త రిమ్ములు లేకుండా అదీ కుదరదు.

షాపు సలహాలో అంతకంటే పెద్ద లోపం, వెనుక చక్రాలకు మాత్రమే వెడల్పు పెంచమనడం. మీ ఫిర్యాదు ముందు చక్రాల మీద. మస్టాంగ్‌లో ఇంజిను ముందుంది, బరువులో సగానికి పైగా ముందు ఇరుసే మోస్తుంది. అయినా కంపెనీ ముందు 255, వెనుక 275 ఇచ్చింది. ఎందుకంటే మామూలు రోడ్డు మీద అనుభవం లేని చేతుల్లో కారు వెనుక భాగం తిరిగిపోవడం కంటే ముందు భాగం కాస్త జారడమే క్షేమం. కోన్ల మధ్య ఆ జాగ్రత్తే అడ్డంకిగా మారుతుంది. వెనుక పట్టును ఇంకా పెంచితే, అది ముందు చక్రాలను ఇప్పటికంటే గట్టిగా తిన్నగా నెడుతుంది. వీ8 ఇంజిను బలానికి వెనుక చక్రాలు రెండో గేరులో గిరగిర తిరుగుతాయన్నది నిజమే, కానీ దానికి విరుగుడు మీ కుడికాలిలో చాలా వరకు ఉంది. ముందు పట్టు లేకపోవడానికి కాలితో గానీ చేతితో గానీ విరుగుడు లేదు, వేగం తగ్గించడం తప్ప. ఫోర్డ్ కంపెనీయే 2018లో అమెరికాలో ఇచ్చిన పెర్ఫార్మెన్స్ ప్యాక్ లెవెల్ 2 మస్టాంగ్‌కు ముందు 10.5, వెనుక 11 అంగుళాల రిమ్ములు పెట్టి, నాలుగింటికీ ఒకే 305/30 ఆర్19 టైరు వేసింది. నాలుగూ ఒకే కొలత అయితే ముందువి వెనక్కి, వెనుకవి ముందుకు మార్చుకుంటూ సమంగా అరగదీయవచ్చు. ఈ ధరల్లో అది చిన్న ఊరట కాదు.

మరి ఆ కారుకు 305 ఉన్నప్పుడు మీకెందుకు వద్దంటున్నాను? మన రోడ్ల వల్ల. లెక్క చూడండి. మీ 255/40 టైరు మొత్తం ఎత్తు 687 మి.మీ., వెనుక 275/40 ఎత్తు 703. 285/35 ఎత్తు 682, 305/30 ఎత్తు 666. అంటే 305/30 వేస్తే కారు వెనుక భాగం 18 మి.మీ.కు పైగా, ముందు భాగం 10 మి.మీ. కిందికి దిగుతుంది. 285/35 అయితే ముందు రెండు మిల్లీమీటర్లు, వెనుక పది. అసలే నేలకు దగ్గరగా ఉండే కారు. కాజీపేట నుంచి మీ కాలనీ దాకా వచ్చేలోపు ఎన్ని స్పీడ్ బ్రేకర్ల మీద ఏటవాలుగా ఎక్కించి దించాల్సి వస్తోందో నాకంటే మీకే బాగా తెలుసు. సైడ్‌వాల్ ఎత్తు కూడా తగ్గుతుంది గనుక, గుంతలో పడితే రిమ్ము అంచు వంగే ప్రమాదం పెరుగుతుంది. వానాకాలంలో నిలిచిన నీళ్ల మీద వెడల్పు టైరు తొందరగా తేలుతుంది. లారీలు తొక్కి గాళ్లు పడిన తారు మీద స్టీరింగ్‌ను అటూ ఇటూ లాగుతుంది. అందుకే 285 సెట్టును పోటీలకే ఉంచి, కంపెనీ రిమ్ములనూ టైర్లనూ ఇంటి తిరుగుడుకు వాడుకోండి. పోటీ రోజున ఆ నాలుగు చక్రాలను ఇంకో బండిలో పంపించి అక్కడ మార్చుకోవడం, విప్పి బిగించడానికి గంట పని. నట్లను టార్క్ రెంచితో బిగించి, మొదటి పరుగు తర్వాత మళ్లీ చూడండి.

నాలుగు టైర్లూ ఒకే ఎత్తుకు వస్తే ముందు వెనుకల మధ్య ఇప్పుడున్న రెండు శాతం తేడా పోతుంది. ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్ ఆ తేడాను లెక్కలో పెట్టుకుని పనిచేస్తుంటాయి కాబట్టి, కొత్త సెట్టు వేసిన రోజున ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి, వార్నింగ్ లైటు ఏదీ వెలగడం లేదని నిర్ధారించుకోండి. వెలిగితే ఆ పని తెలిసిన వారి చేత టైరు కొలతను సిస్టమ్‌లో సరిచేయించాలి.

రిమ్ము కొనేటప్పుడు వెడల్పు ఒక్కటే చూస్తే చాలదు. మీ కారుకు 114.3 మి.మీ. వృత్తం మీద అయిదు బోల్టులు, నడుమ 70.5 మి.మీ. రంధ్రం ఉండాలి. 9 నుంచి 10 అంగుళాలకు పెంచినప్పుడు ఆఫ్‌సెట్ (రిమ్ము నడిమి గీతకు, బోల్టులు బిగించే ముఖానికి మధ్య దూరం) అదే ఉంటే రిమ్ము లోపలికీ బయటికీ చెరో 12.7 మి.మీ. జరుగుతుంది. లోపల షాకబ్జార్బరుకు, బయట మడ్‌గార్డు అంచుకు ఆ చోటు ఉందో లేదో ఊహించుకోవద్దు. చవితి వినాయకుడికి వాడే బంకమట్టి చిన్న ముద్దలు మడ్‌గార్డు లోపలి అంచున, షాకబ్జార్బరు మీద అతికించి, అరువు తెచ్చిన రిమ్ము ఒకటి బిగించి, స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పండి. తర్వాత ఆ చక్రాన్ని ఒక దిమ్మె మీదకు ఎక్కించి, స్ప్రింగు అణిగి ఉండగా మళ్లీ తిప్పండి. ఎక్కడ మట్టి చదునైందో అక్కడ టైరు రాసుకుంటుంది. మిగిలిన మందం వేలితో నొక్కి చూస్తే ఎంత జాగా ఉందో తెలిసిపోతుంది. కనీసం అయిదారు మిల్లీమీటర్లు మిగలాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముందు చేయాల్సిన పనికి వస్తాను, అది రబ్బరు. మంచి రబ్బరున్న 255 టైరు, కుటుంబాల కోసం గట్టి రబ్బరుతో చేసిన 285 కంటే తారు మీద గట్టిగా పట్టుకుంటుంది. సైడ్‌వాల్ మీద ట్రెడ్‌వేర్ అంకె ఉంటుంది. అది ఎంత కాలం అరుగుతుందో కంపెనీ తానే వేసుకున్న పోలిక, పట్టుకు కొలత కాదు. అయినా 200 దగ్గర ఉన్నవి సాధారణంగా మెత్తనివి, 400 దాటినవి గట్టివి. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ లాంటి 300 అంకె టైరు మీ రెండు పనులకూ నడిమి దారి. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం కొత్త టైర్ల దిగుమతిని పరిమితుల కిందికి తెచ్చింది. ఆ తర్వాత ఇలాంటి పెద్ద సైజులు అడిగిన రోజే దొరుకుతాయన్న నమ్మకం లేదు. కాబట్టి టైరు చేతికి వస్తుందని తేలాకే రిమ్ముకు బయానా ఇవ్వండి. టైరు రాగానే సైడ్‌వాల్ మీద కోడి గుడ్డు ఆకారంలో ఉన్న గడిలో నాలుగంకెలు చూడండి. 3223 అంటే 2023లో 32వ వారం. గోదాములో మూడు నాలుగేళ్లు ఎండిన టైరు చూడ్డానికి కొత్తదే, పట్టులో మాత్రం కాదు. లోడ్ ఇండెక్స్ కూడా చూడాలి. మీ ముందు టైరుకు 96, అంటే 710 కిలోలు. వెనుక 101, అంటే 825 కిలోలు. నాలుగూ ఒకటే వేసేటప్పుడు వెనుక అంకెకు తగ్గకూడదు కాబట్టి, 285/35లో 99 అని ఉన్నది కాకుండా 103 అని ఉన్న ఎక్స్‌ట్రా లోడ్ రకం అడగండి.

క్యాంబర్ గురించి వరంగల్‌లో అలైన్‌మెంట్ షాపుకు వెళితే "కంపెనీ లెక్కలో పచ్చగా ఉంది సార్" అని పంపించేస్తారు. యంత్రం తెర మీది ఆ పచ్చరంగు రోడ్డు కోసం. మలుపులో కారు ఒరిగినప్పుడు ముందు బయటి చక్రం తన బయటి అంచు మీదకు వాలిపోతుంది, అప్పుడు లోపలి సగం ట్రెడ్ ఊరికే ఉంటుంది. ప్రాక్టీసు ముగిసిన వెంటనే ముందు టైరు మీద అరచేయి అడ్డంగా రాసి చూడండి. బయటి అంచు దగ్గర రబ్బరు చిన్న చిన్న ఉండలుగా, గరుకుగా, చేయి పెట్టలేనంత వేడిగా ఉండి, లోపలి అంచు నున్నగా గోరువెచ్చగా ఉంటే, మీకు కావాల్సింది వెడల్పు కాదు, నెగెటివ్ క్యాంబర్, అంటే చక్రం పైభాగం కారు లోపలి వైపు వాలడం. సర్దుబాటు బోల్టులు గానీ క్యాంబర్ ప్లేట్లు గానీ పెట్టించి, ముందు రెండు చక్రాలకూ 2 నుంచి 2.5 డిగ్రీల దాకా ఇప్పించండి. మీరు రాసిన జారుడులో పెద్ద భాగం ఇక్కడే తగ్గుతుందని నా నమ్మకం. రోడ్డు మీద లోపలి అంచు కొంచెం ముందుగా అరుగుతుంది, దానికి సిద్ధపడాలి.

ఇక మిగిలింది గాలి. డ్రైవరు డోరు దగ్గరి స్టిక్కర్ మీదున్న అంకెకు మూడు నాలుగు పీఎస్‌ఐ ఎక్కువతో మొదలుపెట్టి, టైరు అంచు మీదుగా సైడ్‌వాల్ దాకా సుద్దముక్కతో మూడు చోట్ల గీత గీయండి. పరుగు తర్వాత సుద్ద ఎక్కడిదాకా చెరిగిందో చూడండి. అంచున ఉండే చిన్న త్రికోణం గుర్తు దాటి సైడ్‌వాల్ మీద కూడా చెరిగితే గాలి తక్కువైంది. త్రికోణానికి చాలా ఇవతలే ఆగిపోతే ఎక్కువైంది. ఒక్కో పరుగుకు ఒక్క పాయింటే మార్చి కాగితం మీద రాసుకోండి. డిసెంబరు పొద్దున ఎనిమిదింటికి చల్లటి తారు మీద మొదటి పరుగులో పట్టు తక్కువగా ఉంటుంది, అది చూసి గాలి మార్చవద్దు. రబ్బరు ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు పెరిగితే గాలి సుమారు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది కాబట్టి, మధ్యాహ్నానికి పొద్దుటి లెక్క చెల్లదు. ఇంత బరువున్న కారు వరుసగా నాలుగైదు పరుగులు తీస్తే చలికాలంలో కూడా ముందు టైర్లు వేడెక్కి జిడ్డుగా జారడం మొదలుపెడతాయి. పురుగుమందు కొట్టే చేతి పంపు కొత్తది ఒకటి మంచినీళ్లతో నింపి వెంట ఉంచుకుని, పరుగు పరుగుకూ మధ్య ముందు టైర్ల మీద సన్నగా చల్లండి. పరుగు మొదలయ్యే గీత దగ్గరకు వెళ్లేముందు ట్రెడ్ మీద తడి ఆరిందో లేదో చూసుకోండి.